కాటన్ దొర వంశవృక్షం, మా ఇంటి మాట

మా ఇంట్లో మూడు తరాలుగా నలుగుతున్న మాట ఒకటుంది. కొళ్ళిడం నది మీద కాటన్ దొర ఆనకట్ట కట్టించినప్పుడు మా ముత్తాతకు తాతగారు ఆ పనిలో ఉన్నారట. పెద్దతాత చెబితే ఆయన మేస్త్రీ. చిన్నతాత చెబితే లెక్కలు రాసే గుమాస్తా. అవ్వ మాత్రం, "మేస్త్రీ లేదు, గుమాస్తా లేదు, మన్ను మోసినాడు. మోస్తే ఏం తక్కువ?" అనేది. పాత కాగితాలన్నీ ముందేసుకుని వంశవృక్షం కొత్తగా రాయడానికి మేం కూర్చున్నప్పుడు పని ఈ మాట దగ్గరే ఆగింది. ఆ పేరు పక్కన ఏమని రాయాలి?

మా కాగితాల్లో జవాబు లేదు. అందుకని దొర ఎప్పుడు ఎక్కడున్నాడో చూద్దామని ఆయన వైపు నుంచి మొదలుపెట్టాం. తేదీలు చూడబోయి ఆయన వంశంలోకే దిగిపోయాం.

ముందు ఒక సంగతి చెప్పాలి. రాజమండ్రి, అమలాపురం వైపు నుంచి వచ్చిన సంబంధాలు మా ఇంట్లో రెండున్నాయి. వాళ్ళకు కాటన్ దొర అంటే దేవుడు. ఊరూరా విగ్రహాలు, ధవళేశ్వరంలో మ్యూజియం. గోదావరి స్నానం చేసేటప్పుడు ఆయన్ను భగీరథుడితో పోల్చి తలచుకునే శ్లోకం కూడా ఉంది. మా తంజావూరు వైపు ఆ పేరు చెబితే పదిమందిలో ఇద్దరికి తెలిస్తే ఎక్కువ. తేని జిల్లాలో ముల్లైపెరియార్ కట్టిన పెన్నీకుక్ దొర పేరు మీద పొంగళ్ళు పెడతారు, పిల్లలకు ఆయన పేరు పెట్టుకుంటారు. కాటన్ దొరకు మా వైపు అంత యోగం పట్టలేదు. కానీ ఆయన గోదావరికి వెళ్ళేముందు పని నేర్చుకున్నది మా కావేరి దగ్గరే. ఈ ముక్క చెబితే గోదావరి చుట్టాలు కాస్త చిన్నబుచ్చుకుంటారు, పరవాలేదు.

ఇంటిపేరుతో మొదలుపెడదాం. కాటన్ అంటే పత్తి అనుకుని, వాళ్ళ పెద్దలు బట్టల వ్యాపారులేమో అని మేమూ అనుకున్నాం. కాదు. అది పాత ఇంగ్లీషులో గుడిసెలు, చిన్న ఇళ్ళు అనే అర్థమున్న మాట నుంచి వచ్చిన ఊరిపేరు. ఆ ఊరిపేరే ఇంటిపేరైంది. మనలో ఎన్ని ఇళ్ళకు ఊరిపేర్లు ఇంటిపేర్లుగా లేవు! ఆ ఊరు ఎక్కడుందో కూడా చూడకుండా తంజావూరులోనో, హోసూరులోనో, బరంపురంలోనో కూర్చుని ఆ పేరునే మోస్తున్నాం కదా.

ఈ కాటన్లు ఇంగ్లండులో చెషైర్ జిల్లా కోంబర్‌మియర్ వాళ్ళు. అక్కడ పూర్వం క్రైస్తవ సన్యాసుల మఠం ఉండేది. ఎనిమిదో హెన్రీ రాజు మఠాలన్నీ మూయించి ఆ భూములు తనవాళ్ళకు పంచినప్పుడు కోంబర్‌మియర్ జార్జ్ కాటన్ అనే ఆయన చేతికొచ్చింది. మఠం మాన్యం జమీ అయింది. 1677లో ఆ వంశానికి బారొనెట్ అనే వంశపారంపర్య బిరుదు దక్కింది. మొదటి బారొనెట్ రాబర్ట్ కాటన్ వేల్స్‌లోని సాల్స్‌బరీ ఇంటి ఆడపడుచును చేసుకున్నాడు. ఆయన కొడుకు థామస్ ఫిలడెల్ఫియా లించ్‌ను చేసుకున్నాడు. ఆమె తండ్రి సర్ థామస్ లించ్ జమైకా గవర్నరు. చెరకు తోటలు, ఆ తోటల్లో ఆఫ్రికా నుంచి పట్టితెచ్చిన బానిసలు, ఇదీ ఆనాటి జమైకా. కోడళ్ళతోపాటు వాళ్ళ పుట్టింటి పేర్లూ ఈ ఇంట్లోకి వచ్చి మగపిల్లలకు ముందుపేర్లయ్యాయి. ఆర్థర్ కాటన్ తాత పేరు సర్ లించ్ సాల్స్‌బరీ కాటన్. ఒక్క మనిషి పేరులోనే మూడు ఇళ్ళు! తండ్రి హెన్రీ కాల్వ్‌లీ కాటన్. కాల్వ్‌లీ కూడా చెషైర్‌లో ఒక పాత ఇంటిపేరే. మన వృక్షాల్లో కోడలి పుట్టింటి పేరు రెండో తరానికే చెరిగిపోతుంది. వాళ్ళలో అది మనవడి పేరులో మిగిలింది. అయితే మిగిలిన చోటల్లా వెనకాల ఆస్తి ఉంది. ఆస్తి లేని కోడళ్ళ పుట్టింటి పేరు ఎవరికీ పెట్టినట్టు కనపడదు.

చుట్టరికాలు తెలుసుకోవడంలో మాకు పెద్ద చిక్కు ఇంగ్లీషు 'కజిన్' అనే మాటతో వచ్చింది. పెదనాన్న కొడుకూ కజినే, మేనత్త కూతురూ కజినే, ఏడు తరాల అవతలి దాయాదీ కజినే. ఒక్కొక్కరినీ మన వరసల్లోకి తెచ్చుకున్నాకే వంశం అర్థమైంది. డాక్టర్ జాన్సన్ స్నేహితురాలని ఇంగ్లీషు సాహిత్యం చదివినవాళ్ళకు తెలిసిన హెస్టర్ త్రేల్ ఉన్నారే, ఆవిడ ఆర్థర్ తండ్రికి సొంత మేనత్త కూతురు. ఆవిడ కుటుంబంతో కలిసి జాన్సన్ 1774లో కోంబర్‌మియర్‌కు వచ్చి ఉన్నాడు కూడా. ఇక స్టాపుల్టన్ కాటన్, తర్వాత లార్డ్ కోంబర్‌మియర్ అయినవాడు, ఆర్థర్‌కు పెదనాన్న కొడుకు, అన్న వరస. వయసులో ముప్ఫై ఏళ్ళు పెద్ద. ఈయన 1799లో టిప్పు సుల్తాను మీద శ్రీరంగపట్నం యుద్ధంలో గుర్రపు దళంతో ఉన్నాడు. తర్వాత బార్బడోస్ గవర్నరు, ఆ తర్వాత ఇండియాలో సర్వసేనాని. 1826 జనవరిలో భరత్‌పూర్ కోట పట్టింది ఈయనే. కరీబియన్ దీవుల్లో ఈయనకు బానిసలున్న తోటలుండేవి. బానిసత్వం రద్దయినప్పుడు ప్రభుత్వం యజమానులకు ఇచ్చిన పరిహారం ఈయనా తీసుకున్నాడు. బానిసలకు మాత్రం ఏమీ ఇవ్వలేదు. గోదావరి చుట్టాలకు ఇది చెప్పినప్పుడు, "అన్న చేసినదానికి తమ్ముడేం చేస్తాడర్రా?" అన్నారు. నిజమే. ఆర్థర్ కాటన్ బానిసలను ఉంచుకున్నాడని మేమూ అనటం లేదు. వంశవృక్షం రాస్తే కొమ్మలన్నీ రాయాలి, అంతే.

అంత పెద్ద ఇంటివాడు పదిహేనో ఏట సిపాయి బడిలో ఎందుకు చేరాడు? ఇది మనకు వెంటనే తట్టదు. మన ఇళ్ళలో నలుగురు కొడుకులుంటే పొలం నాలుగు వాటాలవుతుంది, వాళ్ళ పిల్లలకు పదహారు. మూడో తరానికి గట్టు దగ్గర తగాదా. వాళ్ళలో జమీ, బిరుదు అంతా పెద్దకొడుకుకే. మిగిలినవాళ్ళు సైన్యమో, నౌకాదళమో, చర్చో, లేకపోతే ఇండియానో చూసుకోవాలి. ఆర్థర్ తండ్రే చిన్నకొడుకుల్లో ఒకడు. ఆయనకు పదకొండుమంది కొడుకులు. వాళ్ళలో పదోవాడు ఆర్థర్, పుట్టింది 1803 మే 15. పదోవాడికి మిగిలేదేముంటుంది? లండను దగ్గర ఆడిస్కంబ్‌లో ఈస్టిండియా కంపెనీకి సొంత సైనిక విద్యాలయం ఉండేది. అందులో సీటు రావాలంటే కంపెనీ డైరెక్టర్లలో ఒకరి సిఫార్సు కావాలి. పలుకుబడి ఉన్న ఇళ్ళవాళ్ళకే అది దొరికేది. పెద్ద ఇంట పుట్టినందుకు ఆర్థర్‌కు అందింది ఈ దారి. 1818లో చేరాడు, మరుసటి ఏడే మద్రాసు ఇంజనీర్ల దళానికి ఎంపికయ్యాడు, 1821లో మద్రాసులో దిగాడు.

అన్నదమ్ముల్లో ఇంకొందరు ఏమయ్యారో చూస్తే ఆ కాలం బాగా తెలుస్తుంది. సిడ్నీ కాటన్ గుర్రపు దళంలో చేరి ఇండియాకు వచ్చాడు, తర్వాత రెజిమెంటుతో ఆస్ట్రేలియా వెళ్ళాడు, 1857 తిరుగుబాటు నాటికి పెషావర్‌లో సైన్యాధికారి. రిచర్డ్ లించ్ కాటన్ మతాచార్యుడై ఆక్స్‌ఫర్డ్ వోర్సెస్టర్ కాలేజీకి 1839 నుంచి 1880లో చనిపోయేదాకా అధిపతిగా ఉన్నాడు. ఆర్థర్, ఫ్రెడరిక్, హ్యూ ముగ్గురూ మద్రాసు ఇంజనీర్లే. 1824 నుంచి 1826 వరకు జరిగిన మొదటి బర్మా యుద్ధంలో ఆర్థర్ ఉన్నాడు. అదే యుద్ధంలో ఈ వంశపు దాయాదే విల్లోబీ కాటన్ పెద్ద సైన్యాధికారి. ఆ యుద్ధం ముగిసే వేళకే పెదనాన్న కొడుకు భరత్‌పూర్ ముట్టడిలో ఉన్నాడు. మన దేశం నాలుగు మూలలా ఒకే ఇంటి పిల్లలు. చరిత్ర పుస్తకంలో వీళ్ళు ఒక్కొక్కరు ఒక్కో పాఠంలో వస్తారు కాబట్టి మనకు తోచదు.

ఇక మా నది సంగతి. తిరుచ్చికి పైన ముక్కొంబు దగ్గర కావేరి రెండు పాయలవుతుంది. ఉత్తరపు పాయ కొళ్ళిడం, దక్షిణపు పాయ కావేరి. కొళ్ళిడం పల్లం, వాలు ఎక్కువ, సముద్రానికి దగ్గరదారి. కావేరి పాయలో ఏటేటా ఇసుక మేట వేసి మెరక అయింది. దాంతో నీళ్ళన్నీ కొళ్ళిడంలో పడి సముద్రంలోకి పోతుంటే తంజావూరు కాలవలు ఎండేవి. 1828లో కాటన్‌కు కావేరి పరిశీలన పని అప్పగించారు. 1836-38 మధ్య కొళ్ళిడం మీద రెండు ఆనకట్టలు లేచాయి, ముక్కొంబు దగ్గర మేలణై, కుంభకోణం అవతల అణైకరై దగ్గర కీళణై. ఇసుకలో, అడుగు దొరకని చోట, పునాది ఎలా నిలుస్తుంది? ఈ విద్య కల్లణై కట్టిన పాతవాళ్ళది. దాన్ని ఇక్కడివాళ్ళ దగ్గరే నేర్చుకున్నామని కాటనే రాసుకున్నాడు. కీళణై నుంచి వడవారు కాలవ ద్వారా వీరాణం చెరువుకు వెళ్ళే నీళ్ళే ఇవ్వాళ చెన్నైలో కుళాయిల దాకా పోతున్నాయి. మేలణైలో కొంత భాగం 2018 ఆగస్టు వరదలో కొట్టుకుపోయింది. మా ఇంటి పెద్దవాళ్ళు ఆ వార్త టీవీలో చూసి, ఇంట్లో ఎవరో పోయినట్టు ఆ పూట అన్నం సరిగా తినలేదు. "మనవాళ్ళు కట్టింది" అన్నారు. దొర కట్టింది అని మాత్రం ఎవరూ అనలేదు.

ఆ తర్వాత ఆరోగ్యం చెడి కాటన్ సెలవు మీద టాస్మేనియా వెళ్ళాడు. అక్కడ హోబార్ట్‌లో స్థిరపడ్డ థామస్ లియర్‌మంత్ అనే స్కాట్లండు వర్తకుడి కూతురు ఎలిజబెత్‌ను 1841లో పెళ్ళి చేసుకున్నాడు. ఈ లియర్‌మంత్‌లు కూడా ఇండియా సొమ్ము తిన్నవాళ్ళే. కలకత్తాలో వ్యాపారం చేశారు, ఎలిజబెత్ సోదరుల్లో ఒకాయన అక్కడే పుట్టాడు. ఆ సోదరులు ఆస్ట్రేలియాలో విక్టోరియా ప్రాంతానికి గొర్రెల మందలతో వెళ్ళి పెద్ద పెద్ద భూములు పట్టుకున్నారు. ఆ భూముల అసలువాళ్ళ వంశవృక్షాలు ఏ పుస్తకంలో ఉంటాయి? 1842 డిసెంబరులో టాస్మేనియాలోనే కాటన్‌కు కూతురు పుట్టింది. ఆమె పేరూ ఎలిజబెత్తే.

సెలవు నుంచి వచ్చాక ఆయన్ను పంపింది గోదావరికి. అప్పటి రాజమండ్రి జిల్లా జనాభా 1821లో 7 లక్షల 38 వేలు ఉంటే 1841 నాటికి 5 లక్షల 61 వేలకు పడిపోయింది. 1833 కరువు, 1839లో కోరంగిని ముంచిన తుఫాను, వలసలు. పెరగాల్సిన జనం తరిగారంటే ఎన్ని ఇళ్ళ వంశవృక్షాలు అక్కడితో ఆగిపోయాయో! తంజావూరులో నేర్చుకున్న పనే 1847 నుంచి 1852 వరకు ధవళేశ్వరంలో పెద్ద ఎత్తున జరిగింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా కట్టారు. మధ్యలో కాటన్ జబ్బుపడితే కెప్టెన్ ఆర్ పని చూశాడు. జనాన్ని కూడగట్టి పని నడిపినవారిలో వీణం వీరన్న పేరు ధవళేశ్వరంలో ఇప్పటికీ చెబుతారు. రాళ్ళు ఎత్తిన వేలమందిలో ఒక తెలుగువాడి పేరు ఇలా నిలవడం సంతోషమే. కానీ ఒక్క పేరే.

కాటన్‌కు 1861లో సర్ బిరుదు వచ్చింది. ముసలితనంలో డార్కింగ్ అనే ఊళ్ళో ఉంటూ, రైళ్ళకు పోసే డబ్బు కాలవలకు పోయండని చివరిదాకా పోట్లాడి, 1899 జులై 24న 96 ఏళ్ళ వయసులో పోయాడు. మరుసటి ఏడు ఆయన జీవితచరిత్ర అచ్చయింది. రాసింది కూతురు ఎలిజబెత్. అప్పటికి ఆవిడ లేడీ హోప్. 1877లో అడ్మిరల్ సర్ జేమ్స్ హోప్‌ను చేసుకుని నాలుగేళ్ళకే విధవ అయింది. తర్వాత మళ్ళీ పెళ్ళి చేసుకున్నా ఆ పేరే ఉంచుకుంది. కాటన్ దొర గురించి తెలుగులో మనం చదివే కథల్లో చాలావాటికి మూలం ఆవిడ పుస్తకమే. నాన్న మంచితనం, దైవభక్తి, పై అధికారులతో పడ్డ కష్టాలు, అన్నీ కూతురి కళ్ళతో చూసినవి.

ఇక్కడే మా పనికి అడ్డం పడ్డ విషయం బయటికొచ్చింది. ఈ లేడీ హోప్‌కు ప్రపంచంలో వేరే కారణంగా పేరుంది. జీవపరిణామ సిద్ధాంతం చెప్పిన చార్లెస్ డార్విన్ చివరి రోజుల్లో తాను ఆయన్ను చూశానని, ఆయన మంచం మీద బైబిల్ చదువుకుంటున్నాడని ఆవిడ చెప్పిన కథ 1915లో అమెరికాలో ఒక క్రైస్తవ పత్రికలో వచ్చింది. ఊరూరా పాకింది. డార్విన్ కూతురు హెన్రియెటా, తండ్రి పోయేటప్పుడు తాను దగ్గరే ఉన్నానని, లేడీ హోప్ అప్పుడు అక్కడ లేదని, ఆ కథ నిజం కాదని 1922లో పత్రికాముఖంగా ఖండించింది. అదే ఏడు మార్చిలో లేడీ హోప్ సిడ్నీలో చనిపోయింది. పుట్టిన గడ్డ చాయలకే చేరి పోయింది పాపం. అంటే ఇద్దరు తండ్రులు, ఇద్దరు కూతుళ్ళు, రెండు కథలు. డార్విన్ విషయంలో మేం హెన్రియెటా మాటే నమ్ముతాం. మరి అలా కథ చెప్పిన మనిషే తన తండ్రి గురించి రాసినవన్నీ ఎలా తీసుకోవాలి?

దీనిమీద మా ఇంట్లో రెండు రోజులు వాదన. చివరికి ఒక పద్ధతి పెట్టుకున్నాం. కాటన్ విషయంలో సర్కారు రిపోర్టులున్నాయి, ఆనకట్టలు కళ్ళెదుట ఉన్నాయి. వాటితో సరిపడినవి తీసుకోవచ్చు. కూతురు ఒక్కతే చెప్పినవి, కూతురు చెప్పిందని చెప్పి తీసుకోవాలి. ఆ పద్ధతి ఆవిడకు పెట్టాక మా తాతలకు, అవ్వకు పెట్టకపోతే ఎలా?

పెట్టి చూశాం. మా ముత్తాత ధాతు కరువు ఏట, అంటే 1876లో, పుట్టాడని ఇంట్లో అందరూ ఒకటే చెబుతారు. ఆయన తాతగారు ఇంచుమించు 1815 ప్రాంతంలో పుట్టి ఉండాలి. కొళ్ళిడం పని జరిగిన 1836 నాటికి ఇరవై, ఇరవై రెండేళ్ళ కుర్రాడు. కాబట్టి పనిలో ఉండటానికి వయసు కుదురుతుంది. మా ఊరికీ అణైకరైకీ దూరం ఎడ్లబండిలో ఒక పూట, అదీ కుదురుతుంది. కుదిరినంత మాత్రాన ఉన్నట్టు కాదు. మేస్త్రీ అనడానికి మాత్రం వయసు తక్కువ. గుమాస్తా అందామంటే, ఆయన కొడుకు 1880ల నాటి భూమి దస్తావేజులో వేలిముద్ర వేశాడు. తండ్రి లెక్కలు రాసే గుమాస్తా అయితే కొడుక్కు సంతకం రాకుండా ఉంటుందా? మా చిన్నతాత ఉంటే ఈ ప్రశ్నకు కోప్పడేవారు. ఇలా చూస్తే అవ్వ మాటే దగ్గరగా ఉంది.

అయినా వృక్షంలో అవ్వ మాట ఒక్కటే రాయలేదు. ఆయన పేరు కింద, "కొళ్ళిడం ఆనకట్ట పనికి వెళ్ళారని చెప్పుకుంటారు. మేస్త్రీ అని పెద్దతాత, గుమాస్తా అని చిన్నతాత, మన్ను మోశారని అవ్వ చెప్పారు" అని మూడూ రాసి, ఎవరు చెప్పారో ఎదురుగా పెట్టాం. కాటన్ దొర పేరు తీసేశాం. అది ఉండాలని పట్టుబట్టినవాళ్ళు ఇప్పటికీ మాతో సరిగా మాట్లాడటం లేదు.

ఇంకొకటి కూడా మిగిలిపోయింది. టాస్మేనియా కోడలికి పుట్టినిల్లు, తండ్రి పేరు, అన్నదమ్ములు, పెళ్ళయిన ఏడు అన్నీ దొరికాయి. మా ముత్తాత తాతగారి భార్య పేరు మాలో ఒక్కరికీ తెలియదు. కుంభకోణంలో తొంభై దాటిన మా అత్తగారొకరు, "నాగమ్మో నాచ్చియమ్మో, నా... అని మొదలు" అన్నారు. ఆయన పేరు పక్కన గీత గీసి, 'నా' అని రాసి, మిగతా చోటు ఖాళీగా ఉంచాం. ఈ ఆడి పద్దెనిమిదికి కావేరి దగ్గర అందరం కలుస్తాం. సేలం నుంచి రెండో కొమ్మ వాళ్ళు వస్తున్నారు, వాళ్ళను అడగాలి.